లివర్ లాగితే పేలదు సార్

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో పాత కౌబాయ్ సినిమాల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. సినిమాల ముచ్చట బాగుంది. 1971లో కృష్ణ గారు కౌబాయ్ టోపీ పెట్టినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. మా పేట పిల్లలమంతా వేపకొమ్మలు నరుక్కొచ్చి, కింద ఇనపతీగ వంచి మేకులు కొట్టి, దాన్నే లివర్ అనుకుని గుంటూరు సందుల్లో ఒకళ్లనొకళ్లు కాల్చుకుంటూ తిరిగాం. కాబట్టి ఆ వ్యాసం రాసినాయన మీద నాకేం కోపం లేదు. నా పేచీ అంతా మధ్యలో పెట్టె కట్టి, బొమ్మతో సహా ఇచ్చిన ‘ఆ తుపాకీ ఎలా పనిచేస్తుంది?’ అన్న భాగంతోనే.

‘హీరో లివర్ లాగిన ప్రతిసారీ ఒక గుండు పేలుతుంది, ఇది ఆ కాలపు ఆటోమేటిక్’ అని రాశారు. బొమ్మలో బ్యారెల్ కింద గొట్టం గీసి అందులో సూది మొన గుండ్లు వరసగా పేర్చారు. అడుగున ‘విన్‌చెస్టర్ కనిపెట్టిన తుపాకీ’ అన్నారు. మూడూ తప్పే. అందులో రెండు తప్పులైతే చెయ్యో కన్నో పోయే రకం.

నేను పోలీసు శాఖలో ముప్ఫై ఆరేళ్లు ఆర్మరర్‌గా చేసి 2017లో రిటైరయ్యాను. ఆర్మరర్ అంటే తుపాకులు పేల్చే మొనగాడు అనుకుంటారు మా బంధువులు. కాదు. వాటిని విప్పి, తుడిచి, అరిగిన స్ప్రింగు మార్చి, మళ్లీ బిగించి ఇచ్చేవాడు. ఒకరకంగా చెప్పాలంటే సైకిల్ షాపు వాడికీ నాకూ పెద్ద తేడా లేదు. నా దగ్గరున్న సామాను తప్పుగా బిగిస్తే మనిషి పోతాడు, అంతే. నా చేతుల మీదుగా వెళ్లినవి ఎక్కువగా త్రీ నాట్ త్రీలు (ప్రతి గుండూ చేత్తో ఎక్కించే పాత రైఫిళ్లు), తర్వాత ఎస్‌ఎల్‌ఆర్‌లు. లివర్ తుపాకీ మాత్రం సర్వీసు మొత్తం మీద ఒక్కటే వచ్చింది. ఆ ఒక్కటీ ఒక పూటంతా నా ఒళ్లో ఉంది. దాన్ని నేను పేల్చలేదు, ముందే చెప్పేస్తున్నాను. కానీ లోపల ఏ ముక్క ఎటు కదులుతుందో కళ్లారా చూశాను.

1999 ఎన్నికలప్పటి మాట. అప్పట్లో ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులున్న వాళ్లు వాటిని పోలీసు స్టేషన్‌లో డిపాజిట్ చేసేవాళ్లు. అలా వచ్చినవాటిలో ఏదైనా లోడ్ అయి ఉందేమో చూసి, చీటీ కట్టి పెట్టడానికి నన్ను ఒక స్టేషన్‌కి పంపారు. స్టేషన్ పేరు అనవసరం. డబుల్ బ్యారెల్‌లు ఓ పది, 315 రైఫిళ్లు రెండు మూడు. చివర్లో ఒక పెద్దాయన పంచెకట్టుతో వచ్చి, పాత దుప్పటిలో చుట్టిన తుపాకీ బల్ల మీద పెట్టాడు. లైసెన్సు పుస్తకంలో ‘44 బోర్ రైఫిల్’ అని మాత్రమే ఉంది. దుప్పటి విప్పేసరికి నాకు వేపకొమ్మ గుర్తొచ్చింది. బ్యారెల్ మీద అరిగీ అరగని అక్షరాలు: విన్‌చెస్టర్, మోడల్ 1892, 44 డబ్ల్యూ.సి.ఎఫ్. (అందులో వేసే తూటా రకం).

“మా తాతగారిదయ్యా. మా నాన్న పందుల కోసం రెండుసార్లు పేల్చాడట. నేనైతే ముట్టుకోలేదు, ఏడాదికోసారి ఆముదం మాత్రం పూయిస్తాను” అన్నాడు పెద్దాయన.

ఆముదం అన్న మాట అప్పుడే చెవిలో వేసుకోవాల్సింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు లివర్ అంటే ఏదో చెప్పాలి, మీ బొమ్మలో అదే సరిగా లేదు. ట్రిగ్గర్ చుట్టూ వేలికి అడ్డంగా ఒక ఇనప వంపు ఉంటుంది, ట్రిగ్గర్ గార్డు అంటాం. ఈ తుపాకీలో ఆ గార్డే వెనక్కి సాగి, మూడు వేళ్లు దూరేంత ఉంగరంలా తయారవుతుంది. మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు అందులో ఉంటాయి. చూపుడు వేలు బయట, ట్రిగ్గర్‌కి దూరంగా ఉండాలి. ఆ ఉంగరాన్ని కిందికీ ముందుకీ తోసి, మళ్లీ వెనక్కి లాక్కోవడమే పని. పేల్చేది ట్రిగ్గర్. లివర్ దాని కోసం అంతా సిద్ధం చేసి పెడుతుంది, అంతవరకే.

మన వీధుల్లో చేతి బోరింగులు ఉండేవి కదా. చేతికర్ర కిందికి కొడితే లోపల కడ్డీ పైకి లేస్తుంది, వాషరు నీళ్లను లాగుతుంది. పైన మనకు కనిపించేది చేతికర్ర ఒక్కటే, పని జరిగేదంతా గొట్టంలో. ఇదీ అంతే. మూడు వేళ్లతో ఒక తోపు తోస్తే లోపల నాలుగైదు పనులు ఒకదాని వెనక ఒకటి, వరస తప్పకుండా జరిగిపోతాయి. ఆ వరసే ఈ తుపాకీలో గొప్ప.

రౌండు అంటే ఇత్తడి కేసులో మందూ గుండూ కూర్చిన తూటా. అది కూర్చుని పేలే చోటు చాంబరు, బ్యారెల్ వెనక కొస. దాన్ని వెనక నుంచి తలుపులా మూసే ఉక్కు కడ్డీ బోల్టు. 1892 మోడల్‌లో ఈ బోల్టు వెనక చివర రెండు పక్కలా నిలువుగా రెండు ఉక్కు దిమ్మలు ఉంటాయి. పాత పెంకుటిళ్ల తలుపు వెనక అడ్డగడియ చూశారా, అది గోడలో దూరి తలుపును కదలనివ్వదు. ఈ దిమ్మలు అలాంటివే, కాకపోతే కింది నుంచి పైకి లేచి బోల్టును పట్టుకుంటాయి. రౌండు పేలినప్పుడు వెనక్కి కొట్టే దెబ్బంతా కాచుకునేది అవే. మీరు లివర్ తోయడం మొదలుపెట్టగానే మొట్టమొదట దిగేవి ఈ రెండు దిమ్మలు. గడియ తీయనిదే తలుపు కదలదు కదా. అవి దిగాకే బోల్టు వెనక్కి జరుగుతుంది. బోల్టు పైన చిన్న కొక్కెం ఉంటుంది, ఎక్స్‌ట్రాక్టర్. అది పేలిపోయిన ఖాళీ కేసు అంచు పట్టుకుని చాంబరులోంచి వెనక్కి లాక్కొస్తుంది. బోల్టు అలా వెనక్కి వస్తూ వస్తూ హ్యామర్ని, అంటే ట్రిగ్గర్ నొక్కితే వచ్చి కొట్టే సుత్తిని, తోసి పడుకోబెడుతుంది, అంటే తుపాకీ కాక్ అయిపోతుంది. ఖాళీ కేసు నోరు చాంబరు దాటిన క్షణంలో బోల్టు ముఖాన కింద ఉన్న స్ప్రింగు మేకు దాన్ని పైకి ఎగరగొడుతుంది. టోపీ మీద పడుతుందో, చొక్కా కాలర్లో పడుతుందో, అది పేల్చేవాడి అదృష్టం.

ఇదంతా అయ్యాక, లివర్ ఇంక ముందుకు పోదు అన్న చోట, చివరి అంగుళంలో అసలు పని జరుగుతుంది. బ్యారెల్ కింది గొట్టంలోంచి వచ్చి పలక మీద పడుకున్న కొత్త రౌండును ఆ పలక పైకి లేపుతుంది. దాన్ని క్యారియర్ అంటారు. అట్లకాడతో అట్టు అంచు లేపినట్టు ముందు అంచు ముందుగా లేస్తుంది, గుండు మొన చాంబరు నోటికి ఎదురుగా వస్తుంది. ఇప్పుడు లివర్ వెనక్కి లాక్కుంటే బోల్టు ముందుకొచ్చి ఆ రౌండును చాంబరులోకి తోస్తుంది, కొక్కెం దాని అంచు పట్టుకుంటుంది, దిమ్మలు పైకి లేచి గడియ పడుతుంది, క్యారియర్ మళ్లీ కిందికి దిగుతుంది. హ్యామర్ మాత్రం వెనక్కి పడుకునే ఉంటుంది. అప్పుడు ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది, నొక్కకపోతే లేదు. ఎస్‌ఎల్‌ఆర్ అయితే పేలిన గ్యాసే బోల్టును వెనక్కి నెట్టి తర్వాతి రౌండు ఎక్కిస్తుంది, అందుకే దాన్ని సెల్ఫ్ లోడింగ్ అంటాం. ఇక్కడ ప్రతి రౌండుకీ మనిషి చెయ్యి ఆడాలి. దీన్ని ఆటోమేటిక్ అంటే బోరింగుని మోటారు పంపు అన్నట్టే.

చివరి అంగుళం అన్నాను, దాన్ని కాస్త పట్టించుకోండి. కొత్తవాడు లివర్ని మర్యాదగా ముప్పాతిక దాకా తోసి వెనక్కి లాగేస్తాడు. అక్కడికి హ్యామర్ కాక్ అయ్యే ఉంటుంది, బోల్టు కదిలినట్టే కనిపిస్తుంది, చప్పుడు కూడా బానే వస్తుంది. క్యారియర్ మాత్రం లేవలేదు. బోల్టు ఖాళీ చాంబరు మీద మూసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే ‘టిక్’. ఎదురుగా పంది ఉంటే అది ఆ ‘టిక్’ వింటుంది. ఇంకొన్నిసార్లు ఖాళీ కేసు సగం బయటికొచ్చి బోల్టుకీ చాంబరుకీ మధ్య నలుగుతుంది. బోరింగుని సగం సగం కొడితే నీళ్లు రానట్టే. ఈ తుపాకీని సుతారంగా వాడకూడదు. అడుగుకి తగిలేదాకా తోయాలి, గార్డు భుజానికి ఆనే కర్ర బట్‌ని తాకేదాకా లాగాలి. మా త్రీ నాట్ త్రీ కూడా అంతే, మెత్తగా లాగే కుర్రాళ్లకే ఎక్కువగా జామ్ అయ్యేది.

ఇక స్టేషన్ సంగతి. ఆ రోజు అక్కడున్న హెడ్ కానిస్టేబులు మంచివాడే, కాస్త తొందర మనిషి. నేను డబుల్ బ్యారెల్‌లు చూస్తుండగా ఆయన ఈ తుపాకీ అందుకుని, మొన నేలవైపు పెట్టి, లివర్ టకటకా నాలుగుసార్లు ఆడించాడు. ఏమీ రాలేదు.

“ఖాళీయేనండీ గురువుగారూ, చీటీ కట్టేద్దాం” అన్నాడు.

మొన నేలవైపు పెట్టడం మంచి అలవాటే, నేను తప్పు పట్టను. కానీ ఆ అలవాటే ఆ రోజు మమ్మల్ని మోసం చేయబోయింది. ఆయన దాన్ని గోడకి నిలబెడదామని మొన పైకి తిప్పాడు. లోపల ఏదో దొర్లినట్టు చిన్న చప్పుడు. అగ్గిపెట్టెలో పుల్లలు కదిలినట్టు. నా తల అటు తిరిగింది. “దించండి. అలాగే ఉంచండి. వేలు తీయండి” అన్నాను. ఆయనకి టెన్షన్ పట్టుకుంది, నాకూ పట్టుకుంది.

జరిగింది ఏమిటంటే. ఈ తుపాకీకి అడుగున ఊడదీసే మేగజైన్, అంటే రౌండ్లు నింపే పెట్టె, ఉండదు. బ్యారెల్ కింద పొడుగునా ఉన్న గొట్టమే మేగజైన్. ఈ సామానంతా ఇమిడి ఉన్న నడిమి ఇనప పెట్టెని రిసీవర్ అంటాం, దాని కుడి పక్కన స్ప్రింగు మూత ఉంటుంది, దాన్ని బొటనవేలితో నొక్కుతూ రౌండ్లు ఒక్కొక్కటే లోపలికి తోయాలి. గొట్టంలో మూతి వైపు నుంచి పొడుగాటి స్ప్రింగు, దాని చివర ఒక బిళ్ల. ఆ బిళ్ల రౌండ్లను ఎప్పుడూ మనవైపు నెడుతూ ఉంటుంది. ఈ పెద్దాయన ఇంట్లో ఏళ్ల తరబడి పైన పూసిన ఆముదం గొట్టంలోకి దిగి, దుమ్ము కలిసి, బంకలా తయారై, ఆ బిళ్లని నడిమధ్యలో పట్టేసింది. బిళ్లకీ బోల్టుకీ మధ్య మూడు రౌండ్లు వదులుగా మిగిలిపోయాయి. మొన కిందికి పెడితే అవి బిళ్ల వైపు జారిపోతాయి, లివర్ ఎన్నిసార్లు ఆడించినా ఏమీ రాదు. మొన పైకి పెడితే బోల్టు వైపు జారి కూర్చుంటాయి. అదే రాత్రి ఎవరైనా కుతూహలం కొద్దీ గోడకి నిలబెట్టిన తుపాకీ అందుకుని ఒక్కసారి లివర్ ఆడిస్తే, రౌండు సరాసరి చాంబరులోకి, హ్యామర్ కాక్ అయి సిద్ధం. సినిమా చూసిన ఏ కానిస్టేబుల్ కుర్రాడైనా లివర్ ఆడించకుండా ఉంటాడా? నేనైతే ఉండను.

మూడూ బయటికి తీసిన పద్ధతి చెబుతాను. మామూలుగా అయితే ఇలాంటి గొట్టం ఖాళీ చేయాలంటే ప్రతి రౌండునీ చాంబరు గుండా లివర్‌తో ఆడించి బయటికి పంపాలి. ఈ రకం తుపాకీలో నాకు నచ్చనిది అదొక్కటే. పేల్చడానికి ఎలా ఎక్కిస్తామో, ఖాళీ చేయడానికీ అలాగే ఎక్కించాలి. పైగా ఆ రౌండ్లు ఎన్నేళ్లవో ఎవరికి తెలుసు? పాత రౌండును చాంబరులోకి తోసి బోల్టు మూయడం నాకిష్టం లేకపోయింది. స్టేషన్ వెనక ఇసక బస్తాలు వేయించి, అందర్నీ వరండాలోకి పంపి, మొన బస్తాలవైపు కొంచెం పైకి ఉంచి, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా పెట్టి, లివర్‌ని అడుగుదాకా తోశాను. క్యారియర్ లేచింది, దాని మీద రౌండు. లివర్ అక్కడే ఆపి, పై నుంచి రెండు వేళ్లతో రౌండు తీసేశాను. అప్పుడు ఖాళీ చాంబరు మీదే బోల్టు మూశాను. మళ్లీ తోశాను, రెండోది. మళ్లీ, మూడోది. ఆ తర్వాత ఇంకో పదిసార్లు ఆడించి, తెరిచి, క్యారియర్ వెనక నుంచి గొట్టంలోకి టార్చి వేసి, చిటికెన వేలు పెట్టి చూశాను. ఇత్తడి కేసులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. పెద్దాయన వాటిని చూసి, “మా నాన్న పెట్టినవేమో” అని మాత్రం అన్నాడు. ఆయన ముఖం చూశాక ఇంకెవరూ ఏమీ అనలేదు.

తర్వాత ఆయన్నీ, ఎస్సై గారినీ అడిగి, గొట్టం మూతి దగ్గరున్న చిన్న స్క్రూ విప్పాను. ఇలాంటి పాత సామాను స్క్రూల గాడి సన్నం, మన బజారు స్క్రూడ్రైవరు పెడితే జారి గాడి చెడుతుంది. నా దగ్గర సానపట్టి సన్నం చేసుకున్నవి ఉండేవి. మూత విప్పేటప్పుడు అరచెయ్యి అడ్డం పెట్టుకోవాలి, స్ప్రింగు లోపల ముడుచుకుని ఉంటుంది, ఎగిరిందంటే వరండా దాటుతుంది. వెదురు పుల్లకి గుడ్డ చుట్టి, కిరసనాయిలు తడిపి తోస్తే నల్లటి బంక బయటికొచ్చింది, జీళ్లపాకంలాగా. అరగంట పట్టింది. బిగించాక లివర్ ఆడిస్తే ఇందాకటి తుపాకీ కాదు. నూరేళ్ల నాటి సామాను, తోస్తే నూనె వేసిన ఉయ్యాల గొలుసులా వెళ్లింది. అప్పుడు వాళ్లు చూడకుండా ఇంకో ఇరవై సార్లు ఆడించాను. ఖాళీ తుపాకీయే, ట్రిగ్గర్ ముట్టుకోలేదు. ఇది నేరమైతే ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

చేతిలో పట్టుకుంటే ఎలా ఉంటుందని మా మనవడు అడుగుతుంటాడు. మా త్రీ నాట్ త్రీ నాలుగు కిలోలు. ఇది మూడు కిలోల లోపే. రిసీవర్ రెండు పక్కలా చదునుగా, నోటుపుస్తకంలా ఉంటుంది, బోల్టు పిడి బయటికి పొడుచుకుని ఉండదు. అరచేతిలో రిసీవర్ అడుగు పట్టుకుంటే బరువు అటూ ఇటూ సరిగ్గా తూగుతుంది. గుర్రం మీద పోయేవాళ్లు దీన్నెందుకు ఇష్టపడ్డారో అప్పుడర్థమైంది. త్రీ నాట్ త్రీకి బోల్టు పైకి ఎత్తాలి, వెనక్కి లాగాలి, ముందుకు తోయాలి, కిందికి దించాలి, నాలుగు కదలికలు, అదీ ట్రిగ్గర్ దగ్గర్నుంచి చెయ్యి తీసి. దీనికి రెండే, చెయ్యి ఉన్నచోటే ఉంటుంది, బట్ భుజం మీంచి దిగక్కర్లేదు.

మరి సైన్యాలన్నీ దీన్నే ఎందుకు పెట్టుకోలేదు? బోర్లా పడుకుని పేల్చి చూడండి, తెలుస్తుంది. లివర్ కిందికి దిగాలంటే కింద జాగా కావాలి. నేల మీద పడుకున్నవాడు ప్రతిసారీ తుపాకీ పక్కకి వంచాలి లేదా మోచేతుల మీద లేవాలి. లేస్తే తల కనిపిస్తుంది. గొట్టంలో ఒక్కొక్క రౌండు తోసుకుంటూ కూర్చోవడం ఇంకో తలనొప్పి, త్రీ నాట్ త్రీకి ఐదేసి రౌండ్ల క్లిప్పు ఒక్క నొక్కుతో దిగుతుంది. అయినా బొత్తిగా వాడలేదని కాదు. 1877లో బల్గేరియాలోని ప్లెవ్నా దగ్గర టర్కీ సైనికులు రష్యా వాళ్ల మీద విన్‌చెస్టర్ 1866 మోడల్ లివర్ తుపాకులు వాడారు. ఆ రష్యా వాళ్లే మొదటి ప్రపంచయుద్ధంలో 1895 మోడల్ దాదాపు 3 లక్షలు చేయించుకున్నారు.

ఆ 1895 మోడల్‌కి గొట్టం లేదు, అడుగున పెట్టె మేగజైన్ ఉంటుంది. ఎందుకో తెలిస్తే మీ బొమ్మలో తప్పు తెలిసిపోతుంది. గొట్టంలో రౌండ్లు ఒకదాని వెనక ఒకటి పడుకుని ఉంటాయి కదా, వెనకదాని గుండు మొన ముందుదాని పిరుదుకి ఆనుకుని ఉంటుంది. ఆ పిరుదు మధ్యలోనే ప్రైమర్, పిన్ను తగిలితే అంటుకునేది. మొన సూదిగా ఉంటే, పేలిన దెబ్బకి తుపాకీ వెనక్కి తన్నినప్పుడు ఆ సూది ప్రైమర్ని పొడవవచ్చు. గొట్టంలోనే పేలుతుంది. ఆ గొట్టం మీదేగా ఎడమ చెయ్యి ఉండేది! అందుకే గొట్టం తుపాకులకి గుండు మొన చదునుగా చేసేవారు. ఆ పెద్దాయన తుపాకీ రౌండ్లు కూడా చదును మొనవే, నా అరచేతిలో మూడూ మొద్దు పెన్సిళ్లలా ఉన్నాయి. బ్యారెల్ మీద 44 డబ్ల్యూ.సి.ఎఫ్. అని ఉన్నది వీటినే, మామూలుగా 44-40 అంటారు. మొదటి అంకె గుండు కొలత, రెండోది అందులో పోసిన నల్ల తుపాకీమందు, 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు. మొన దేలిన గుండ్లు దూరం బాగా వెళ్తాయి కాబట్టి అవి వాడాలనుకున్నప్పుడు, ఈ తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ పెట్టె మేగజైన్ పెట్టాడు. మీ చిత్రకారుడు గీసినట్టు పేర్చుకుని ఎవరైనా పేలిస్తే ఏమవుతుందో నేను రాయను, పొద్దున్నే కాఫీ తాగుతూ చదివేవాళ్లుంటారు.

‘విన్‌చెస్టర్ కనిపెట్టాడు’ అన్నదానికి ఒక్క ముక్క. ఆలివర్ విన్‌చెస్టర్ చొక్కాలు తయారుచేయించి అమ్మే వ్యాపారి. డబ్బు పెట్టాడు, కంపెనీ కొన్నాడు, పేరు మిగిల్చుకున్నాడు. మొదటి ఊహ వాల్టర్ హంట్ అనే ఆయనది, 1849లో. అదే ఏడాది ఆయన పేటెంటు తీసుకున్న ఇంకో వస్తువు మన ఆడవాళ్లందరి దగ్గరా ఉంది: పిన్నీసు. మా ఆవిడకి ఈ సంగతి చెబితే, “అది పనికొచ్చే వస్తువు” అంది. హంట్ తర్వాత అది స్మిత్, వెస్సన్ల చేతికి, ఆ తర్వాత విన్‌చెస్టర్ దగ్గర పనిచేసే టైలర్ హెన్రీ చేతికి వచ్చి 1860లో ఒక రూపానికి వచ్చింది. పక్క మూతలోంచి రౌండ్లు తోసే పద్ధతి నెల్సన్ కింగ్‌ది, 1866లో. అప్పటిదాకా గొట్టాన్ని మూతి దగ్గర తెరిచి నింపేవాళ్లు. నేను విప్పిన 1892 లోపలి దిమ్మల లెక్క జాన్ బ్రౌనింగ్‌ది. అంతకు ముందు 1873 మోడల్‌లో దిమ్మలు లేవు, మోకాలు కీలులా మడిచే కడ్డీల జత ఉండేది. మోకాలు చాచి నిలబడితే బస్తా మోయగలం, కొంచెం వంచామా కూలబడతాం. ఆ కీలు చాచుకున్నప్పుడు 44-40 దెబ్బకి ఆగింది గానీ, ఇంకా బలమైన మందుకి చాలలేదు. అందుకే దిమ్మలు వచ్చాయి. ఇంతమంది బుర్రలు పనిచేసిన సామాను మీద చొక్కాల సేటు పేరు ఒక్కటే వేస్తే వీళ్లకి అన్యాయం కదా.

ఇంకొకటి. మీ వ్యాసంలో హీరో ఒంటి చేత్తో తుపాకీని గిర్రున తిప్పి లోడ్ చేసే ఫొటో వేశారు. దానికి లివర్ ఉంగరం పెద్దది చేసి ప్రత్యేకంగా తయారుచేస్తారు. మామూలు ఉంగరంతో తిప్పితే విరిగేది లివర్ కాదు, వేలు. పైగా తిరుగుతున్నంతసేపూ మొన అందరి ముఖాలూ చుట్టి వస్తుంది. పాత లివర్ తుపాకులకి సేఫ్టీ మీట ఉండదు. హ్యామర్ని సగంలో ఆపే గాడి ఒకటే ఉంటుంది. కాక్ అయిన హ్యామర్ని ఆ గాడిలోకి దించాలంటే బొటనవేలితో పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి, మెల్లగా వదలాలి. చెమట పట్టిన వేలైతే జారుతుంది. మన ఎండల్లో ఆ పని చాంబరులో రౌండుండగా చేయడం నాకైతే గుండె దడ. మొన ఇసక వైపు లేకుండా ఎన్నడూ చేయకూడదు.

పెద్దాయన ఎన్నికలయ్యాక తుపాకీ తీసుకెళ్లాడు. ఆముదం మానేయమని, గొట్టంలోకి నూనె అసలు పోనివ్వద్దని, చిలుము పట్టిన రౌండ్లు వాడొద్దని చెప్పి పంపాను. ఆయన దుప్పటి మడత పెట్టుకుంటూ, “ఇది మా ఇంట్లో లోడ్ అయి ఎన్నేళ్లున్నట్టయ్యా?” అని అడిగాడు. నేను లెక్క కట్టలేదు.

దిద్దుబాటు వేస్తారో లేదో మీ ఇష్టం. వేసేటట్టయితే బొమ్మ మాత్రం మార్చండి. ఆ రోజు స్టేషన్ వరండాలో కూర్చుని లోపలి సామాన్లన్నీ పెన్సిలుతో గీసుకున్న కాగితం ఈ కవర్లో పెట్టాను. లివర్ మూసినప్పుడు ఒకటి, తెరిచినప్పుడు ఒకటి, రెండు బొమ్మలున్నాయి. దిమ్మలు ఎక్కడ దిగుతాయో బాణం గుర్తు వేశాను. చూసుకున్నాక దయచేసి కాగితం తిరిగి పంపండి. వెనకవైపు 1999 అక్టోబరు పాల లెక్క ఉంది, మా ఆవిడ దాన్ని ఇంకా వదల్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్మరర్,
బ్రాడీపేట, గుంటూరు